సీసా మీద అమ్మమ్మ పేరు

పావ్లొదార్ ఐస్ ప్యాలెస్‌లో, ఆడవాళ్ళు బట్టలు మార్చుకునే గది చివర, గడియ పడిన స్నానాలగది తలుపు ముందు కాంషాత్ నిలబడి ఉంది. కొత్త సంవత్సరం మొదటి రోజు అది. పన్నెండు గంటల ఆట అయిపోయింది. మూడు గంటల ఆటకి ఇంకా గంటన్నర ఉంది. లోపల మోల్దిర్ కుళాయి తిప్పి, ఆ చప్పుడు చాటున ఏడుస్తోంది. ఇరవై రెండేళ్ళ పిల్ల, ఆ మంచు నాట్యబృందంలో అందరికన్నా ఎత్తుకి ఎగిరే పిల్ల, ఆట నడిమధ్యలో మంచు వదిలేసి పరుగెత్తుకొచ్చి తలుపేసుకుంది. తియ్యకపోతే విరగ్గొడతానని కాంషాత్ మూడోసారి అన్నాక గడియ కదిలింది.

ముందు వాసన వచ్చింది. తడిసిన మేజోళ్ళ వాసన, కక్కిన పుల్లటి వాసన, ఆ రెంటి మీదా గులాబీల తీపి వాసన. ఆ తర్వాత ముఖం కనిపించింది. మోల్దిర్ సగమే కడుక్కుంది. కడగని సగం ఇంకా మెరుపు పొడితో, నీలం రెప్పలతో పండగ కళలోనే ఉంది. కడిగిన సగం మీద చర్మం, చల్లారిన పాల మీద మీగడలా ముడతలు పడి ఊడి వస్తోంది. ఊడినచోట పచ్చి ఎరుపు. కంటి కింద మాత్రం ఎరుపు కాదు, పాత గిన్నె అడుగు రంగు.

కాంషాత్ అరడుగు వెనక్కి వేసింది. వెయ్యకూడదనుకుంటూనే వేసింది. ఆ అరడుగునీ మోల్దిర్ చూసింది.

"చూశావా, నీకే రోతగా ఉంది. నాకెలా ఉంటుందో అనుకో అక్కా."

ఎన్నాళ్ళ నుంచని అడిగితే నవంబరు నుంచంది. మొదట్లో ఆ పూత రాసుకుంటే బాగా తెల్లబడిందట. అందరూ మెచ్చుకున్నారట, కాంషాత్ కూడా. తర్వాత చెంపలు ఎర్రబడితే, బృందమంతా అపా, అంటే పెద్దక్క, అని పిలిచే గౌహర్‌కి చూపించిందట. పాత చర్మం పోయి కొత్తది వస్తోంది, ఇంకాస్త మందంగా రాసుకో అందట ఆవిడ. ఇప్పుడు ఏం తిన్నా ఇనపగరిటె నాకినట్టే ఉంటోందట.

"మరి కాళ్ళకేమైంది?" అంది కాంషాత్, అప్పుడే కిందకి చూసి.

పిల్ల కాళ్ళకి బూట్లు లేవు. చీలమండలు కనబడకుండా పాదాలు ఉబ్బిపోయి ఉన్నాయి. వారం రోజులుగా మోల్దిర్‌కి స్కేట్ బూట్ల తాళ్ళు అందడం లేదని బృందమంతా ఆట పట్టిస్తూనే ఉంది. పండగ పేరు చెప్పి నూనెలో వేయించిన బౌర్సాకులు బుట్టలకి బుట్టలు నమిలేస్తోందనీ, వచ్చే ఊళ్ళో ఏనుగు వేషం ఇస్తారనీ అందరితోబాటు కాంషాత్ కూడా నవ్వింది. ఇప్పుడు వంగి ఆ పాదం మీద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది, పిండిముద్దలో నొక్కినట్టు.

కుళాయి పక్కన సీసా ఉంది. మూత తీసే ఉంది. దాని మీద మంచుకన్య ఆక్షకార్ వేషంలో, కిరీటంతో నవ్వుతున్నది కాంషాతే. బొమ్మ కింద బంగారు అక్షరాల్లో "అజె రహస్యం" అని రాసి ఉంది. అజె అంటే అమ్మమ్మ.

ఆ అమ్మమ్మ సంగతి కొంత చెప్పాలి. కాంషాత్‌ని పెంచింది జైసాన్‌లో ఉన్న అమ్మమ్మే. గడ్డకట్టే పొద్దుటి పూట బడికి పంపేముందు ముసలావిడ గొర్రె తోక కొవ్వు అరచేతిలో కరిగించి మనవరాలి చెంపలకి పట్టించేది. బడిలో పిల్లలు మే మే అని అరిచేవాళ్ళు. కానీ వాళ్ళ చెంపలు పగిలేవి, కాంషాత్‌వి పగిలేవి కావు. పెద్దయి, మంచు మీద బతుకు ఎంచుకుని, ఏడాదికి ఎనిమిది నెలలు బస్సుల్లో తిరిగే రోజుల్లో ఆమె ఆ కొవ్వుకి తేనెమైనం, ముళ్ళపొదల మీద కాసే పుల్లటి పసుపుపళ్ళ నూనె కలిపి తన కోసం తను కాచుకునేది. హోటల్ గదుల్లో పొద్దుపోక ఫోన్‌లో ఒక పేజీ మొదలుపెట్టింది. మంచు మీద తెగిపోకుండా పూసలని గాలపు దారంతో ఎలా కుట్టాలో, తెల్ల మేజోళ్ళకి టీ డికాక్షన్‌తో ఒంటిరంగు ఎలా ఎక్కించాలో, చలిలోకి వెళ్ళే ముందు గంటసేపు ముఖానికి నీళ్ళెందుకు తగలనివ్వకూడదో, నీళ్ళు కాచే కెటిల్ ఒక్కటే ఉన్న గదిలో పండగ వంట ఎలా చెయ్యాలో అందులో చెప్పేది. ఊరూరా ఆడవాళ్ళు చూడ్డం మొదలుపెట్టారు. ఆట చూడ్డానికి వచ్చినప్పుడు ఆ కొవ్వు గురించే అడిగేవాళ్ళు.

అమ్ముదామన్నది గౌహర్. బృందం ఆవిడదే. మొదటి శీతాకాలం కాంషాతే కాచింది, గది గదంతా గొర్రెలదొడ్డి కంపు కొడుతుంటే. రెండో శీతాకాలం గౌహర్ ఆ పని తన మీద వేసుకుంది. నీ మోకాళ్ళు చూసుకో తల్లీ, ఇది నేను చూస్తానంది. నీ పేజీకి వచ్చే ఉత్తరాలు కూడా నేనే చూస్తానంది. కాంషాత్ హాయిగా ఊపిరి పీల్చుకుంది. ఆట చివర మైకు పట్టుకుని, సీసా పైకెత్తి, ఇది మా అజె రహస్యం అని నాలుగు ముక్కలు చెప్పడం వరకే ఆమె వంతు. తను మాత్రం తన పాత రేకుడబ్బాలో మిగిలిన కొవ్వే రాసుకునేది. కొత్త సీసా మూత ఒక్కసారి కూడా తియ్యలేదు.

ఇప్పుడు తీసి వాసన చూసింది. గులాబీలు. గొర్రె అన్నది ఆ సీసా పక్కనుంచి నడిచి వెళ్ళిన జాడ కూడా లేదు. వేలితో కొంచెం తీసి రాస్తే చల్లగా, జిగురుగా, నున్నగా జారింది. ఆమె ఆ వేలిని తువ్వాలుకి తుడిచింది, మళ్ళీ తుడిచింది, తువ్వాలు పారేసింది.

మోల్దిర్‌కి దుప్పటి కప్పి, కదలకుండా కూర్చోమని చెప్పి, సీసా పట్టుకుని నడవలోకి వచ్చింది.

నడవలో బల్ల మీద జొమార్త్ కూర్చున్నాడు. పిల్లలకి కానుకలు పంచే మంచుతాత అయాజ్ అతా అతనే. గడ్డం ఊడదీసి మోకాలి మీద పెట్టుకుని, రాత్రి పండగలో మిగిలిన చేపల సలాడు ప్లాస్టిక్ డబ్బాలోంచి వేళ్ళతో తింటున్నాడు. తిన్న వేళ్ళు గడ్డానికే తుడుస్తున్నాడు. రాత్రి తాగింది ఇంకా అతని చెమటలోంచి వస్తోంది. ఆ గడ్డానికి ముఖం ఆనించి రోజుకి మూడుసార్లు తాతా తాతా అని మురిసిపోవడం ఆమె వేషంలో భాగం. పదకొండేళ్ళుగా ఆనిస్తోంది. అలవాటవుతుందని ఎవరో అన్నారు. అవలేదు.

అపా ఎక్కడుందని అడిగింది.

"బట్టల గదిలో. నువ్వు మాత్రం వెళ్ళకు. నిన్న సూదీదారం కావాలని పోతే గుమ్మంలోంచే కుక్కని తరిమినట్టు తరిమింది. లోపల ఏదో వండుతోంది."

కాంషాత్ తలుపు తట్టలేదు.

బట్టల గదిలో ఓ మూల పాత స్నానపు తొట్టి ఉంది. ఒకప్పుడు హాకీ ఆటగాళ్ళు కాళ్ళు పట్టేస్తే మంచునీళ్ళలో కూర్చోడానికి పెట్టించినది. ఇప్పుడు బృందం మేజోళ్ళు అందులోనే నానేస్తుంది. లోపలి గోడల మీద టీ రంగు చారలు ఒకదాని మీద ఒకటి పేరుకుని, బురదకాలవ గట్టులా ఉంటాయి. ఆ చారల మధ్య, మోకాలెత్తున, తెల్లటి ముద్ద. గౌహర్ దాన్ని మంచు గీకే చెక్కతో కలియబెడుతోంది. ముద్ద మీద ఒక మెరుపు బిళ్ళ, రెండు పొడుగాటి వెంట్రుకలు, ఎవరి కంటి నుంచో ఊడిపడిన పెట్టుడు రెప్ప ఒకటి చచ్చిన గొంగళిపురుగులా తేలుతున్నాయి. పక్కన కుట్టుబల్ల మీద పండగ భోజనం ఇంకా తీయలేదు. గుర్రపుమాంసం కజీ ముక్కల చుట్టూ కొవ్వు పసుపుగా పేరుకుంది. కమలాతొక్కల మధ్య మూత లేని ఖాళీ సీసాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఏది తిండో ఏది ముఖానికి రాసేదో తెలియలేదు.

 కానీ కాంషాత్‌ని కుదిపింది ఆ ముద్ద కాదు. గౌహర్ చేతులకి మోచేతుల పైదాకా రబ్బరు తొడుగులున్నాయి. ముక్కుకీ నోటికీ గట్టిగా గుడ్డ కట్టి ఉంది.

"తలుపెయ్యి," అంది గౌహర్ గుడ్డ వెనక నుంచి. "చలిగాలికి ముద్ద గట్టిపడుతుంది."

"ఇందులో గొర్రె కొవ్వు ఎక్కడుంది అపా?"

గౌహర్ నవ్వింది. గొర్రె కొవ్వు ఎవరికి కావాలే అంది. రెండు సీసాలు కొన్నవాళ్ళు మూడోది కొనలేదంది. పక్కలో మొగుడు అటు తిరిగి పడుకుంటున్నాడని ఒకావిడ రాసిందట. వాళ్ళకి కావాల్సింది చెంపలు పగలకుండా ఉండడం కాదు, తెలుపు. అడిగింది ఇవ్వడమే కదా మన వృత్తి. సరిహద్దు అవతల నుంచి ఓ పొడి వస్తుంది, చిటికెడు వేస్తే పది రోజుల్లో తెల్లబడతారు. పేరు తనకీ తెలియదట. సంచీ మీద రాత తనకి రాని భాషట.

"మరి మీ చేతులకి తొడుగులెందుకు?"

గౌహర్ కలపడం ఆపింది. తన చేతుల వైపు, ఇంకెవరి చేతులో అన్నట్టు చూసుకుంది.

"గోళ్ళు పాడవుతాయి," అంది.

మోల్దిర్ ముఖం చూశారా అని కాంషాత్ అడగలేకపోయింది. చూసిందని ఆమెకి అప్పుడే తెలిసిపోయింది. గౌహరే చెప్పుకుపోయింది. ఆ పిల్లది పలచటి చర్మం. అలాంటివి ఇంకా ఉన్నాయి, పేజీకి ఉత్తరాలు వచ్చాయి, నలభై దాకా వచ్చి ఉంటాయి. నువ్వు బాధపడతావని చూపించకుండా తీసేశాను. ఒకావిడయితే పాలు తాగే పిల్లకి ఒళ్ళంతా దద్దుర్లని ఫొటోలు కూడా పెట్టింది, చూడలేక అది ముందు తీసేశాను.

"నలభై మందికి మండితే నాలుగు వేలమంది తెల్లబడ్డారే పిచ్చిదానా. వాళ్ళెవరూ ఉత్తరాలు రాయరు. మంచి జరిగినవాళ్ళు ఎప్పుడూ రాయరు."

ఆ గొంతులో కోపం లేదు, దాపరికం లేదు. అజె ఇల్లు వదిలి ఒస్కెమెన్ క్రీడాపాఠశాలలో చేరిన కొత్తలో, పడిన చోటునుంచి ఎలా లేవాలో నేర్పిన గొంతే అది. అప్పుడు కాంషాత్ జడలు వేసింది ఈవిడే. కాలర్ ఎముక విరిగిన రోజు రెండు వీధులు మోసుకుని ఆసుపత్రికి పరుగెత్తింది ఈవిడే. ఉమ్మితో రుమాలు తడిపి ముఖం తుడిచేది, కాంషాత్‌కి అప్పుడెప్పుడూ అసహ్యం వెయ్యలేదు. ఇరవై ఏడేళ్ళ తర్వాత ఇప్పుడు వేస్తోంది, అప్పటి ఉమ్మి మీద కూడా.

గౌహర్ దగ్గరికి వచ్చింది. మామూలుగా చేసినట్టే ఆమె నుదుటి మీది జుట్టు సర్దబోయింది. తొడుగు నుంచి తెల్లటి ముద్ద ఒక చుక్క నేల మీద పడింది. కాంషాత్ తల పక్కకి లాక్కుని గోడకి అంటుకుపోయింది.

"నన్ను తాకకు," అంది. ఆవిడని నువ్వు అనడం అదే మొదటిసారి. ఇద్దరికీ వినబడింది.

గౌహర్ ముఖం మీది గుడ్డ కిందికి లాగింది. ఇప్పుడు చిరునవ్వు లేదు. "ఎవరి ముఖముందే ఆ సీసా మీద? నాదా? నీ అజె పేరు, నీ ముఖం, నీ నోటి మాట. ఊరూరా మైకు పట్టుకుని చెప్పింది నువ్వు. నేను కలిపేదాన్ని మాత్రమే. నీ మోకాలు ఇంకో శీతాకాలం మొయ్యదు, నీకూ తెలుసు. ఆ పిల్లకి వచ్చే ఏడు ఆక్షకార్ వేషం ఇస్తానని చెప్పాను. నోరు మూసుకుంటుంది. నువ్వూ మూసుకుంటే మనిద్దరం మర్యాదగా విడిపోతాం."

"ఆ ముఖంతో ఆక్షకార్ వేషమా?"

"రంగు కింద ఏముందో మంచు మీద ఎవరికే కనబడేది? మనందరి బతుకూ అదే కదా."

కజీ ముక్కల మీది కొవ్వు వాసన, గులాబీల వాసన కలిసి కాంషాత్ గొంతులోకి వచ్చాయి.  తొట్టి అడుగున బిరడా లాగేయాలని చెయ్యి లేచింది గానీ, అది ఎటు పోతుందో తట్టి ఆగింది. ఆ కాలవ కలిసేది నదిలో, ఈ ఊరు తాగే నీళ్ళు ఆ నదివే. మూడు గంటల ఆటకి మొదటి గంట మోగింది. గౌహర్ తొడుగులు విప్పి, పెదవులకి రంగు అద్దుకుని, కిందికి నడిచింది. పాటలు వేసే గదిలో కూర్చునేది ఆవిడే. వెనకాలే కాంషాత్ తలుపు లాగి, తలుపుకే ఉన్న తాళంచెవితో బయటి నుంచి తాళం వేసి, దాన్ని రవికలో దోపుకుంది.

ఆ రోజు ఆట ఎలా చేసిందో తర్వాత ఆమెకి గుర్తులేదు. ఒంటి మీద మూడువేల గాజురాళ్ళ గౌను. ప్రతి రాయీ తన చేత్తో కుట్టినదే. ఈ చలికాలం మొత్తంలో దేన్ని చూసైనా ఆమె మురిసిపోయిందంటే ఆ గౌనుని చూసే. ఇప్పుడది ఒంటికి చల్లగా, బరువుగా, ఎవరో వాడి పారేసిన పొలుసులా తగిలింది. ఎలుగుబంటి తల తగిలించుకున్న కుర్రాడు చెయ్యి పట్టుకుని తిప్పినప్పుడు ఆ తలలోంచి ముగ్గురి చెమట కంపు కొట్టింది. జొమార్త్ గడ్డానికి చెంప ఆనించినప్పుడు చేపనూనె ముఖానికి అంటింది. ఆమె నవ్వుతూనే ఉంది. బుగ్గలు వాటంతటవే నవ్వుతాయి, పదహారేళ్ళు నేర్పాక. వరసల్లో పిల్లలు చప్పట్లు కొట్టారు. వాళ్ళ పక్కన తల్లులు. కొందరి ఒళ్ళో, బంగారు అక్షరాల సంచీలు.

చివరి పాట అయింది. జొమార్త్ మైకు అందించాడు. ఇక్కడ సీసా పైకెత్తాలి. కాంషాత్ ఎత్తింది.

"ఇది కొనకండి," అంది. "కొన్నవాళ్ళు రాసుకోకండి. దీని మీద బొమ్మ నాదే. లోపల ఏముందో నాకే తెలియదు. ఇన్నాళ్ళూ తెలియకుండానే మీకు చెప్పాను."

మైకు చచ్చిపోయింది. వెంటనే పెద్ద చప్పుడుతో పాట మొదలైంది. పిల్లలు అది కూడా ఆటలో భాగమనుకుని చిందులేశారు. కాంషాత్ నోరు కదులుతోంది గానీ మొదటి వరసకి కూడా వినబడడం లేదు. జొమార్త్ ఆమె ముఖం వైపు చూశాడు. చేతిలో సీసా వైపు చూశాడు. ఏం అర్థమైందో ఏమో, గడ్డం లాగి మంచు మీద పారేసి, పెద్ద కర్రతో కంచె చెక్కల మీద బాదడం మొదలుపెట్టాడు. పాట ఆగేదాకా బాదాడు. అతని గొంతుకి మైకు అక్కర్లేదు.

"ఆవిడ చెప్పేది వినండి. ఆ సీసాలో విషముందట. పిల్లలకి రాయకండి."

 మూడో వరసలో ఓ తల్లి సంచీలోంచి సీసా తీసి, పాముని పట్టుకున్నట్టు రెండు వేళ్ళతో పట్టుకుంది. ఇంకెవరో మగమనిషి లేచి, రెండేళ్ళు అమ్మి ఇప్పుడా చెప్పేది అని అరిచాడు.  తలుపుల దగ్గర తోపులాట అయింది. ముందు హాల్లో బల్ల మీదకి సీసాలు విసిరేశారు, కొన్ని పగిలాయి, నేలంతా గులాబీల కంపు. ఆ గొడవలోనే ఒక నడివయసు ఆవిడ, ఎవరూ చూడడం లేదనుకుని, పగలని సీసాలు రెండు ఏరి కోటు జేబులో వేసుకోవడం కాంషాత్ కళ్ళారా చూసింది. వద్దండీ అని చెయ్యి పట్టుకుంటే, నీకు పుట్టుకతోనే తెల్లటి ముఖముంది, నీకేం తెలుసు అని విదిలించుకుని వెళ్ళిపోయింది. కాంషాత్‌కి అన్నిటికన్నా ఎక్కువ వెగటు అప్పుడు పుట్టింది, ఎవరి మీదో చెప్పలేని వెగటు.

మూడో వరసలో మనవరాలితో కూర్చున్న ఒక పొట్టి ముసలావిడ మాత్రం తలుపు వైపు వెళ్ళకుండా మంచు కంచె దాకా వచ్చింది. పేరు బాతిమా, ఊళ్ళో చర్మరోగాల డాక్టరు. పోయిన నెలలో తన దగ్గరికి ఇలాంటి ముఖాలు మూడు వచ్చాయట. ఏం రాశావంటే ఏడుస్తారు గానీ సీసా పేరు ఒక్కరూ చెప్పలేదట, సిగ్గుపడి. బృందంలో ఎవరైనా వాడారా అని అడిగింది. కాంషాత్ మనవరాలిని జొమార్త్‌కి అప్పజెప్పించి ఆవిడని లోపలికి తీసుకెళ్ళింది.

మోల్దిర్ దుప్పటి కింద అలాగే కూర్చుని ఉంది. బాతిమా మాట్లాడకుండా అన్నీ చూసింది. చిగుళ్ళు చూసింది, వాటి అంచున నల్లటి గీత చూసింది. చేతులు చాపమంది. చాపిన వేళ్ళు సన్నగా వణికాయి, చలికి కాదు. పాదాల గుంటలు చూశాక ఆవిడ ముఖంలో పెద్దరికం పోయి తొందర వచ్చింది.

"పాదరసమై ఉండాలి. రక్తం, మూత్రం చూస్తేగానీ ఖాయంగా చెప్పను. ముఖం సంగతి తర్వాత, ముందు మూత్రపిండాలు చూడాలి. ఇప్పుడే బయల్దేరాలి తల్లీ."

మోల్దిర్ తలూపింది. ఆవిడ సంచీలోంచి నోటు పుస్తకం తీసింది. ఇది తను పై అధికారులకి పంపాలనీ, పంపాక తుడిచెయ్యడం తన చేతిలో కూడా ఉండదనీ, అందుకని అడిగినదానికి ఉన్నదున్నట్టు చెప్పాలనీ నెమ్మదిగా చెప్పింది. తొట్టి సంగతి, తొడుగుల సంగతి చెప్పడానికి కాంషాత్ నోరు తెరవబోయింది. మిమ్మల్ని తర్వాత అడుగుతానని డాక్టరు చెయ్యెత్తి ఆపింది.

అప్పటికి గౌహర్ గుమ్మంలో నిలబడి ఉంది. పరుగెత్తి వచ్చిన ఆయాసం లేదు. భుజాల మీద పండగ శాలువా. చేతులు శుభ్రంగా, మెత్తగా, ముందు కట్టుకుని ఉన్నాయి. ఆవిడ మోల్దిర్‌ని మాత్రమే చూస్తోంది.

"ఈ సీసా నీకు ఎవరిచ్చారు?" అంది బాతిమా.

కాంషాత్ మోల్దిర్ భుజం మీద చెయ్యి వేసింది. భయపడొద్దని చెప్పడానికి వేసింది. పిల్ల తలెత్తి గుమ్మం వైపు చూసింది. ఆ తర్వాత కాళ్ళ వైపు, మూలన ఉన్న తన బూట్ల వైపు చూసింది. ఆఖరున, తన భుజం మీద ఉన్న చేతి వైపు చూసింది.

"కాంషాత్ అక్క," అంది.

చెయ్యి అక్కడే ఉండిపోయింది. అబద్ధమని అనబోయిన మాట కాంషాత్ నోట్లోనే ఆగింది. కొక్షెతావ్‌లో, నవంబరులో, ఆ పిల్ల పుట్టినరోజు. కానుక కొనడానికి తీరిక లేక, ముందు హాలు బల్ల మీంచి ఒక సీసా తీసుకుని, గౌను కుట్టగా మిగిలిన వెండి రిబ్బనుతో ముడి వేసి, పిల్ల రెండు చెంపలూ ముద్దు పెట్టుకుని ఇచ్చింది. మూత తీసి చూడలేదు. రేపటికల్లా నీ ముఖం కూడా నాలా అవుతుందని అంది, నవ్వుతూ. ఇచ్చింది తనే.

బాతిమా ఆ పేరు రాసుకుంది. కలం ఎత్తకుండానే తిరిగి కాంషాత్ వైపు చూసింది. ఇందాకటి మెత్తదనం ఆ చూపులో లేదు.

"మీ పూర్తి పేరు చెప్పండి," అంది.

 కాంషాత్ వెనక నుంచి, ఇరవై ఏడేళ్ళ కిందటి మెత్తటి గొంతుతో, గౌహర్ అంది.

"చెప్పు తల్లీ. నేనున్నాను, భయపడకు."